చొక్కా పొడిగా ఉన్నా ఒళ్లు ఎండిపోతుంది

మే నెలలో విజయవాడలో పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. అదే ఎండలో కోఠి నుంచి అబిడ్స్ దాకా నడవండి, చొక్కా దాదాపు పొడిగానే ఉంటుంది. చెమట పట్టలేదని కాదు. సముద్రానికి దూరంగా, 500 మీటర్లకు పైగా ఎత్తున్న రాతి పీఠభూమి మీద ఉంది మన హైదరాబాద్. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలిలో తేమ బాగా తక్కువ. అందుకే చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ముదురు రంగు చొక్కా విప్పి వీపు భాగం చూడండి, తెల్లటి చారలుంటాయి. నీళ్లు గాలిలో కలిసిపోయాయి, ఉప్పు బట్ట మీద మిగిలింది.

కాబట్టి హైదరాబాద్‌లో "నాకు అంత చెమట పట్టదండీ, నీళ్లు తక్కువ తాగినా సరిపోతుంది" అన్న మాటను నమ్మకండి. బండి మీద తిరిగే డెలివరీ కుర్రాళ్లు, కూడళ్లలో నిలబడే ట్రాఫిక్ పోలీసులు, సెంట్రింగ్ పనివాళ్లు ఎండలో గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమటలో పోగొట్టుకుంటారు, బరువు పనైతే అంతకు మించి కూడా. ఇంత పోతోందని వాళ్ల ఒళ్లు వాళ్లకు చెప్పదు.

ఒంట్లో జరిగేది ఇది. 60 కిలోల మనిషిలో సుమారు 30 నుంచి 36 లీటర్ల నీరుంటుంది. కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరున్నర రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి రక్తంలోకి పంపేస్తాయి. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడగానే మెదడు దాహం పుట్టిస్తుంది. నీళ్లు ఆపుకోమని ఒక హార్మోన్‌తో కిడ్నీలకు కబురు కూడా పెడుతుంది. కిడ్నీలు ఆపుకుంటాయి, మూత్రం తగ్గి రంగు ముదురుతుంది. పనిలో పడి దాహం మర్చిపోవచ్చు గానీ మూత్రం రంగు అబద్ధం చెప్పదు. ఎంత పొదుపు చేసినా ఒంట్లోని వ్యర్థాలు బయటికి పోవాలంటే కిడ్నీలకు రోజుకు కనీసం అర లీటరు మూత్రం కావాలి. అంతకు తగ్గితే వ్యర్థాలు రక్తంలో పేరుకోవడం మొదలవుతుంది.

బరువులో 2 శాతం నీరు పోయేసరికి, అంటే 60 కిలోల మనిషికి 1.2 లీటర్లు, తేడా పనిలో కనిపిస్తుంది. ధ్యాస నిలవదు, తల బరువెక్కుతుంది, మామూలుగా ఎక్కే మెట్లకే గుండె దడదడలాడుతుంది. రక్తంలో నీటి భాగం తగ్గినప్పుడు అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో వచ్చే తలనొప్పికి చాలామంది మాత్ర వేసుకుంటారు. ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగి అరగంట ఆగితే మంచిది. నీళ్లు తక్కువగా ఉన్న ఒంట్లోకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వెళ్తే కిడ్నీకి రక్తం అందడం ఇంకా తగ్గుతుంది. ఎండల్లో కిడ్నీలు దెబ్బతినే దారుల్లో ఇదొకటి.

ఎనిమిది గ్లాసుల మాట

రోజుకు ఎనిమిది గ్లాసులన్న లెక్కకు మూలంగా 1945లో అమెరికాలో వెలువడిన ఒక పోషకాహార సిఫారసును చూపిస్తుంటారు. అందులో పెద్దవాళ్లకు రెండున్నర లీటర్లు కావాలని ఉంది, ఆ వెంటనే అందులో ఎక్కువ భాగం తిండిలోనే వస్తుందని కూడా ఉంది. రెండో వాక్యాన్ని జనం వదిలేశారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క ఆడవాళ్లకు 2 లీటర్లు, మగవాళ్లకు 2.5 లీటర్లు. అది కూడా తిండిలోని నీటిని కలుపుకొని, చల్లటి దేశాల్లో మామూలు పని చేసుకునేవాళ్లకు. మన వేసవికి దాన్ని అలాగే తెచ్చి అతికిస్తే సరిపోదు.

మన తిండి దగ్గర ఒక విషయం ఎవరూ అంతగా గమనించరు. వండిన అన్నంలో దాదాపు 70 శాతం నీరే. దానిలో పప్పుచారు, రసం, చివర మజ్జిగ పోసుకు తినే ఇంట్లో తెలియకుండానే రోజుకు లీటరు దాకా నీరు కంచంలోంచే వెళ్తుంది. బీరకాయ, సొరకాయ, దోసకాయ 95 శాతం నీళ్లే. చపాతీలో నీరు మూడో వంతు మించదు. షుగర్ వచ్చిందనో బరువు తగ్గాలనో రెండు పూటలా చపాతీ, వేపుడుకు మారినవాళ్లు, తాగే నీళ్లు మారకపోయినా లోపలికి వెళ్లే నీరు తగ్గించుకున్నట్టే. మలబద్ధకం మొదలై ఎందుకో అర్థం కాక తిప్పలు పడతారు. ఇంకా పీచు తినమని ఎవరో చెప్తే ఇసబ్‌గోల్ మొదలుపెడతారు. నీళ్లు పెంచకుండా ఇసబ్‌గోల్ వేసుకుంటే అది పేగులో ముద్ద కట్టి బాధ పెంచుతుంది. చెంచాడు ఇసబ్‌గోల్‌కు కనీసం ఒక పెద్ద గ్లాసు, 250 మి.లీ. నీళ్లు ఉండాలి.

అందుకని గ్లాసులు లెక్కపెట్టే కన్నా మూత్రాన్ని గమనించడం మేలంటాను. పొద్దున లేవగానే వచ్చేది ముదురుగా ఉండటం మామూలే, దాన్ని వదిలేయండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు మధ్య చూడండి. నాలుగు చుక్కల నిమ్మరసం పిండిన నీళ్లలా లేత పసుపుగా ఉండి, పగలంతా మూడు నాలుగు గంటలకోసారైనా వెళ్తుంటే చాలు. నువ్వుల నూనె రంగుకు తిరిగితే అప్పుడే రెండు గ్లాసులు తాగాలి. పూర్తిగా నీళ్లలా తెల్లగా, గంటకోసారి వస్తుంటే అవసరానికి మించి తాగుతున్నారు. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు చిక్కటి పసుపు వస్తుంది, బీట్‌రూట్ తింటే ఎర్రగా, టీబీకి వాడే రిఫాంపిసిన్ వల్ల నారింజ రంగు వస్తుంది. వీటికి భయపడక్కర్లేదు. ఈ కారణాలేవీ లేకుండా ఎరుపు గానీ, టీ డికాక్షన్ రంగు గానీ కనిపిస్తే నీళ్లతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించాలి.

వ్యాయామం చేసేవాళ్లకు ఇంతకన్నా కచ్చితమైన పద్ధతి ఉంది. కేబీఆర్ పార్కులోనో నెక్లెస్ రోడ్డు మీదో గంటసేపు పరుగెత్తే ముందు, వచ్చాక చెమట తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 600 గ్రాములు తగ్గితే 600 మి.లీ. పోయిందని అర్థం, కొవ్వు కరిగిందని కాదు. పోయినదానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, అంటే 750 నుంచి 900 మి.లీ., తర్వాతి రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా తాగాలి. తాగినదానిలో కొంత మూత్రంగా పోతుంది కాబట్టి ఆ అదనం. వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి ఇలా చూసుకుంటే మీ చెమట లెక్క మీకు తెలిసిపోతుంది.

నీళ్లు నిలబడి తాగితే మోకాళ్లు అరుగుతాయని, భోజనం మధ్యలో తాగితే అరగదని, పొద్దున్నే నాలుగు గ్లాసులు ఒక్క గుక్కలో తాగితే ఒంట్లో విషాలు కడుక్కుపోతాయని ఫోన్లలో తిరిగే సందేశాలకు ఆధారాలు లేవు. ఎలా కూర్చుని తాగినా నీళ్లు వెళ్లేది పేగుల్లోంచి రక్తంలోకే. ఒక్కసారిగా లీటరు తాగితే కిడ్నీలు అందులో ఎక్కువ భాగాన్ని గంటన్నర రెండు గంటల్లో బయటికి పంపేస్తాయి, అంతే. అదే లీటరును నాలుగు గంటల మీద పంచితే ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది. చాయ్ కూడా లెక్కలోకి వస్తుంది. రోజుకు మూడు నాలుగు ఇరానీ చాయ్‌లు తాగేవాళ్లకు అందులోని కెఫీన్ తాగిన నీటి కన్నా ఎక్కువేమీ బయటికి లాగదు. ఆ చాయ్‌తో వెళ్లే చక్కెర సంగతి వేరు. కల్లు, బీరు మాత్రం దాహానికి పనికిరావు. ఆల్కహాల్ నీళ్లు ఆపమనే హార్మోన్‌నే అణిచేస్తుంది.

ఉప్పు ఎప్పుడు, ఎంత

చెమట వట్టి నీరు కాదు. మనిషిని బట్టి తేడా ఉన్నా, లీటరు చెమటలో సుమారు గ్రాము సోడియం, అంటే దాదాపు అర టీస్పూను ఉప్పు పోతుంది. నాలుగైదు గంటలు ఎండలో పని చేసి ఉత్త నీళ్లే నాలుగు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వాంతి వచ్చినట్టుండటం, తల దిమ్ము, అయోమయం దాని గుర్తులు. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తే ఫిట్స్ దాకా పోవచ్చు. మామూలు కిడ్నీలైనా గంటకు లీటరు లోపే బయటికి పంపగలవు. అందుకే ఎంత దాహం వేసినా గంటకు లీటరు దాటకండి. రెండు గంటల పైన ఎండలో ఉంటే ప్రతి మూడో గ్లాసైనా ఉప్పు కలిపినది తాగండి.

దానికి ఖరీదైన సీసాలు కొననక్కర్లేదు. 200 మి.లీ. పెరుగు కవ్వంతో చిలికి, 800 మి.లీ. నీళ్లు పోసి, అర టీస్పూను ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేస్తే లీటరు పలుచటి సల్ల తయారు. చెమటలో పోయిన ఉప్పు దానితో తిరిగి వస్తుంది. మే నెలలో బయట పెడితే నాలుగు గంటల్లో పులుస్తుంది, కాబట్టి రెండు విడతలుగా కలుపుకోవాలి. అంబలి ఇంకా మంచిది, ఆకలి కూడా తీరుస్తుంది. రెండు పెద్ద చెంచాల రాగి పిండిని కప్పు చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మరుగుతున్న రెండు కప్పుల నీళ్లలో సన్నగా పోస్తూ తిప్పాలి. పచ్చివాసన పోయేదాకా ఆరేడు నిమిషాలు ఉడికించాలి. దించి పూర్తిగా చల్లారాకే మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలపాలి. వేడి మీద మజ్జిగ పోస్తే విరుగుతుంది. జొన్న పిండితోనూ ఇలాగే.

పానకం చాలామంది లీటరుకు 100 గ్రాముల బెల్లంతో చేస్తారు. దేవుడికి అది సరే. ఎండకు తాగాలంటే మాత్రం అది కూల్‌డ్రింకంత తీపి, కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది. 40 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, మిరియాలు, శొంఠి, ఏలకులు చాలు. చెరుకు రసం కూడా ఇదే తీపి లెక్కలోకి వస్తుంది. పైగా బండి మీది ఐసు ఏ నీళ్లతో గడ్డకట్టిందో తెలియదు. ఐసు లేకుండా, కళ్ల ముందు తీయించుకుని తాగండి. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందువల్ల బాగా చెమట పట్టిన రోజు అది ఒక్కటే సరిపోదు, పక్కన నాలుగు ఉప్పు పల్లీలైనా ఉండాలి.

రోజంతా ఏసీలో కూర్చుని, మూడు పూటలా పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ తినేవాళ్లకు ఈ అదనపు ఉప్పు అక్కర్లేదు. రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. మన కంచం దాన్ని మామూలుగానే దాటేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు ఎండలో పని చేయాల్సి వస్తే ఉప్పు ఎంతన్నది డాక్టర్‌ని అడిగి ఖాయం చేసుకోవాలి.

ఓఆర్ఎస్ కలిపేటప్పుడు జరిగే పొరపాట్లు

విరేచనాలప్పుడు నీటి కథ పూర్తిగా మారిపోతుంది. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం రెండూ కలిసి ఒకే ద్వారం గుండా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా ఆ ద్వారం పని చేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు నోటి ద్వారా పట్టించి కలరా రోగులను కాపాడింది ఈ సూత్రంతోనే. ఆ నీళ్లకే ఓఆర్ఎస్ అని పేరు. దానికి ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్. ఈ పాళ్లలోనే మందు గుణం ఉంది. పాళ్లు తప్పితే గుణం పోతుంది.

ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు, లీటరుకు కలపాల్సిన పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక్క గ్లాసు నీళ్లలో వేసేయడం. అంత చిక్కటి ద్రవం పేగులోకి వెళ్తే ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి, పసిపిల్లల్లో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. 200 మి.లీ.కి కలిపే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. చింపే ముందు కవరు మీద ఎన్ని నీళ్లని ఉందో చదవండి. పెద్ద ప్యాకెట్‌లో సగం సగం వాడకండి, పొడి అడుగున ఒకలా పైన ఒకలా ఉండవచ్చు. నీళ్లు ముందే కాచి చల్లార్చుకోవాలి, కలిపాక కాచకూడదు. పాలలో, రసంలో, సోడాలో కలపకూడదు, రుచికని చక్కెర వేయకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మి.లీ. పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మానిపించకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు దీనితో పాటు రోజుకు 20 మి.గ్రా. జింక్ 14 రోజులు ఇస్తారు, విరేచనాలు ఆగిపోయినా పూర్తి చేయాలి. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లకు ఆరు సమతలంగా కొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. రుచి చూస్తే కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు. కళ్లు లోపలికి పోవడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, బిడ్డ మత్తుగా పడి ఉండటం చూస్తే ఇంట్లో కూర్చోకండి.

ఇన్నేళ్లూ మందుల షాపుల్లో ఓఆర్ఎస్ అన్న పేరుతో, చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువున్న పళ్లరసం డబ్బాలు అమ్ముడయ్యాయి. విరేచనాలతో ఉన్న బిడ్డకు అవి పడితే పరిస్థితి ఇంకా పాడవుతుంది. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఆ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. ఒక తల్లి షాపులో చేయి చాచి అడిగినప్పుడు ఆమె చేతికి అసలు మందే రావాలి, ఈ విషయంలో రాజీ ఉండకూడదు. అడిగేటప్పుడు "ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్" అని అడగండి, కవరు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోండి.

రాళ్లు, మంట

కిడ్నీలో ఒకసారి రాయి వచ్చినవాళ్లకు లెక్క తాగే నీళ్ల మీద కాదు, బయటికొచ్చే మూత్రం మీద ఉంటుంది: రోజుకు 2.5 లీటర్లు. దాన్ని ఊహించుకోకుండా ఒక ఆదివారం కొలవండి. పొద్దున లేచి వెళ్లిన మొదటిది వదిలేసి, అప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటిదాకా గీతలున్న ప్లాస్టిక్ జగ్గుతో కొలిచి రాసుకోవాలి. లీటరున్నరే వస్తే, ఇప్పుడు తాగుతున్నదానికి ఇంకో లీటరు చేర్చాలి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు, మధ్యలో లేస్తే ఇంకో గ్లాసు ముఖ్యం. మూత్రం బాగా చిక్కబడి స్ఫటికాలు కట్టేది ఆ ఏడెనిమిది గంటల్లోనే.

రోజుకు రెండు నిమ్మకాయల రసం నీళ్లలో పిండుకుని తాగితే అందులోని సిట్రేట్ కాల్షియం స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడుతుంది. ఉప్పు తగ్గించాలి, సోడియం తనతో పాటు కాల్షియాన్ని మూత్రంలోకి లాగుతుంది. పాలు, పెరుగు మానేయమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది తప్పు సలహా. భోజనంతో తిన్న పెరుగులోని కాల్షియం పాలకూరలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసి బయటికి పంపుతుంది. బీరు తాగితే రాయి జారిపోతుందన్న నమ్మకాన్ని వదిలేయండి. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పోతాయి. బీరు తాగినవాడికి పోయిన రాయి తాగనివాడికీ పోయేదే. నడుము నొప్పితో పాటు చలి జ్వరం వస్తే మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

మూత్రంలో మంట, పదే పదే ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ల మీద 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, తక్కువ నీళ్లు తాగే అలవాటున్నవాళ్లు రోజూ ఇంకో లీటరున్నర అదనంగా తాగితే ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మందు లేకుండా, ఖర్చు లేకుండా. కానీ తాగమని చెప్పడం తేలిక. బడిలో బాత్రూమ్ తలుపుకి గడియ ఉండదు, షాపులో పని చేసే అమ్మాయికి ఇంటికెళ్లేదాకా మరుగుదొడ్డి దొరకదు, బస్సులో మూడు గంటల ప్రయాణం. వాళ్లు దాహాన్ని కావాలనే చంపుకుంటున్నారు. సాయంత్రం పాప బ్యాగులోంచి నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తే కోప్పడకండి, బడి బాత్రూమ్ ఎలా ఉందో అడగండి. తల్లిదండ్రుల మీటింగులో మార్కుల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అది. అది బాగుపడేలోపు, బయల్దేరడానికి గంటన్నర ముందు రెండు గ్లాసులు తాగి, ఇంట్లో వెళ్లి, దారిలో గుక్క గుక్కగా తాగితే కొంత నయం.

బాలింతలు, పెద్దవాళ్లు, రోజా ఉండేవాళ్లు

బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం మన ఇళ్లలో ఇంకా ఉంది, పొట్ట పెరుగుతుందనీ బిడ్డకు జలుబు చేస్తుందనీ. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా రోజుకు దాదాపు 700 మి.లీ. అదనంగా కావాలి. ఆమెను ఎండబెడితే మలబద్ధకం, మూత్రంలో మంట, తలనొప్పి తప్ప ఒరిగేది లేదు. అత్తమ్మ గానీ అమ్మమ్మ గానీ ఒప్పుకోకపోతే పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు గోరువెచ్చటి జీలకర్ర నీళ్లు ఇవ్వండి. వాళ్ల మాటా నిలుస్తుంది, ఆమెకు నీళ్లూ అందుతాయి. ఆరు నెలల లోపు బిడ్డకు మాత్రం ఎంత ఎండైనా నీళ్లు వద్దు, తల్లిపాలే చాలు.

అరవై అయిదు దాటినవాళ్లలో దాహం మందగిస్తుంది. నోరు తడారినా తెలియదు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే తాగడం మానేస్తారు. తాగాల్సినదాంట్లో ఎక్కువ భాగాన్ని సాయంత్రం ఆరులోపు అయ్యేలా చూడండి. మాత్రలు వేసుకునేటప్పుడు గుక్కెడు కాకుండా నిండు గ్లాసు, పేపర్ చదివేటప్పుడు ఒకటి, సీరియల్ ముందు ఒకటి అని పనులతో ముడిపెడితే మర్చిపోరు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, లేవగానే కళ్లు తిరగడం, నాలుక పొడిగా ఉండటం గుర్తులు. చర్మం గిల్లి చూడటం వాళ్ల విషయంలో నమ్మదగ్గ పరీక్ష కాదు, వయసుతో చర్మం ఎలాగూ వదులవుతుంది.

గుండె బలహీనపడి కాళ్లవాపు ఉన్నవాళ్లు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు, లివర్ పాడై పొట్టలో నీరు చేరినవాళ్లు ఈ వ్యాసంలోని కొలతలేవీ పాటించకండి. మీ డాక్టర్ రాసిన కొలతే మీది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరి బొండంలోని పొటాషియం గుండెకే ప్రమాదం. షుగర్‌కి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు, బీపీకి మూత్రం పెంచే మాత్రలు వాడేవాళ్లు విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజు ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అని ఫోన్ చేసి అడగాలి.

రంజాన్ వేసవిలో పడిన ఏడాది రోజా ఉండేవాళ్లు ఇఫ్తార్‌కి ఒక్కసారే కడుపు నిండా నీళ్లు తాగేసి, హలీమ్ తిని, తెల్లవారుజామున తినే సహరీకి లేవకుండా పడుకుంటే మర్నాడు అసర్ (సాయంత్రపు నమాజు) వేళకి తల పగిలిపోతుంది. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా గంటకో గ్లాసు చొప్పున పంచుకోవాలి. సహరీలో ఆవకాయ, కబాబ్ తగ్గించి పెరుగన్నం, పుచ్చకాయ, కీరా పెట్టుకోవాలి.

రంజన్, చలివేంద్రం

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని ఊళ్లో ఒక మాట ఉంది. 1920లో కట్టిన ఆ చెరువు రోజుల నుంచి మంజీరా, కృష్ణా, గోదావరి దాకా నల్లా నీళ్లకు రుచి లోటు లేదు. వాటికి మామూలుగా ఆర్ఓ అక్కర్లేదు, వానాకాలంలో పైపుల్లోకి మురుగు చేరే బస్తీల్లో కాచుకుంటే చాలు. చిక్కంతా బోరు, ట్యాంకర్ నీళ్లతో. నీళ్లలో కరిగిన లవణాల కొలత, అంటే టీడీఎస్, 500 లోపు మంచిది. 1000 దాటితే నోటికి ఉప్పగా తగిలి, ఇంట్లో అందరూ తమకు తెలియకుండానే తక్కువ తాగుతారు. నల్లగొండ వైపు బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటిన చోట నీళ్లు కాచి లాభం లేదు. ఆవిరి పోయేకొద్దీ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్ఓ కావాల్సిందే. రాగి బిందెలో నీళ్లు ఉంచుకోవచ్చు గానీ అందులో మజ్జిగ, నిమ్మరసం, చింతపండు చారు పోయకండి. పులుపుకి రాగి కరిగి వాంతులవుతాయి.

ఫ్రిజ్ కన్నా రంజన్ (మట్టి కుండ) నీళ్లే ఎక్కువ తాగబుద్ధవుతాయి. మట్టి రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన పొడి గాలికి ఇది బాగా పని చేస్తుంది, జులైలో గాలి తడిగా ఉన్నప్పుడు అంతగా చేయదు. కొత్త రంజన్‌ను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడాలి. గాలి తగిలే నీడలో, కింద తడి ఇసుక పోసి పెట్టాలి. చల్లదనం తగ్గిందంటే రంధ్రాలు సున్నంతో మూసుకుపోయాయని అర్థం. కొబ్బరి పీచుతో బయటా లోపలా రుద్ది ఎండలో ఆరబెట్టండి. సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది.

ఇంటి ముందు చలివేంద్రం పెట్టాలనుకునేవాళ్లు మార్చి నెలాఖరుకే మొదలుపెట్టండి, తొలి ఎండలకు ఒళ్లు ఇంకా అలవాటు పడి ఉండదు, వడదెబ్బలు అప్పుడు కూడా తగులుతాయి. చేయి ముంచే గిన్నె వద్దు, కింద నల్లా ఉన్న రంజన్ గానీ, పొడుగు కాడ ఉన్న గరిటె గానీ పెట్టండి. మూత మీద గుడ్డ రోజూ ఉతకాలి. రాత్రి మిగిలిన నీళ్లు మొక్కలకు పోసి, పొద్దున కడిగి కొత్తవి నింపాలి. నీళ్లు అనుమానంగా ఉంటే క్లోరిన్ మాత్ర దాని మీద రాసిన కొలతకు వేసి అరగంట ఆగాకే పంచాలి. పదకొండు నుంచి నాలుగు దాకా నీళ్ల పక్కన ఉప్పు వేసిన సల్ల ఉంటే ఆటోవాళ్లకు, చెత్త బండి వాళ్లకు అసలు మేలు అప్పుడే జరుగుతుంది.

అక్కడ ఎవరైనా తూలుతూ వచ్చి, పొంతన లేకుండా మాట్లాడి, ఒళ్లు పెనంలా కాలుతుంటే గ్లాసు అందించకండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడలో పడుకోబెట్టి, చొక్కా విప్పి, ఆ రంజన్‌లోని నీళ్లే తల నుంచి కాళ్ల దాకా గుమ్మరిస్తూ అట్టతో విసరండి. ఒకరు విసురుతుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు.